ఇంటి బీరుకి గోంగూర పూల రంగు: కొన్నేళ్లు వాడాక నా మాట

రంగు ఒక్కటే లెక్కైతే ఎండిన గోంగూర పూలను మించింది నాకింకా దొరకలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద వీటి మీద సణుగుడు కూడా బాగానే ఉంటుంది.

మేం ఉండేది డాలస్ దగ్గర. ఇంట్లో బీరు చేసుకోవడం నాకూ మా ఆయనకీ ఎప్పటినుంచో ఉన్న సరదా. ఇండియాలో ఉండి చదివేవాళ్లు దయచేసి దీన్ని ప్రయత్నించకండి, అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది. ఇక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. అన్ని గ్యాలన్లు ఎవరు తాగుతారో నాకు తెలీదు.

పూలు అంటున్నాం గానీ నిజానికి ఇవి పూరేకులు కావు. ఎర్ర గోంగూర మొక్కకి పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ దళసరిగా మిగిలే ఎర్రటి తొడుగులు. మెక్సికన్ కిరాణా షాపుల్లో ‘హమైకా’ అని సంచుల్లో దొరుకుతాయి. వాళ్లు వీటిని నానబెట్టి పంచదార కలిపి చల్లగా తాగుతారు. మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆ సంచి మీద ధర చూసి, "వీటికి డబ్బులు పోస్తున్నారా? మన దొడ్లో ఆకు కోసుకుని ఇవి వదిలేసేవాళ్లం కదమ్మా" అని చాలాసేపు బాధపడ్డారు.

మా మరిది పెళ్లి మర్నాడు మా పెరట్లో పార్టీ పెట్టుకున్నాం. కాబోయే తోటికోడలు అడిగింది ఒక్కటే: "బీరు ఎర్రగా ఉండాలక్కా, కానీ సీసాలో కొనే రంగు కలపొద్దు." బీట్‌రూట్ వేస్తే ఎంత కడిగినా మట్టి వాసన వదలదు. శంఖుపుష్పం నీలం వట్టి నీళ్లలోనే బాగుంటుంది, లేత పసుపు బీరులో పడితే ఏ రంగో చెప్పలేని బూడిద ఊదాగా మారుతుంది. అందుకని గోంగూర పూలే ఖాయం చేశాం. సగం గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ), సగం పిల్స్‌నర్ మాల్ట్, చేదు కోసం వేసే హాప్స్ పేరుకి కొంచెం.

చాలా రెసిపీల్లో ఉన్నట్టే మరిగించడం అయిపోయి మంట కట్టేశాక పూలు వేశాం. ఆ రోజు గిన్నెలోకి చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయాం. చిక్కటి ఎరుపు, అంచుల్లో ఊదా. ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాం, అందరూ ఆహా ఓహో అన్నారు. తర్వాత ఈస్ట్ తన పని తాను చేసుకుంది. గ్రావిటీ (బీరు ఎంతవరకు పులిసిందో చెప్పే కొలత) చూద్దామని గొట్టంలోకి కొంచెం తీస్తే, ఎరుపు లేదు. ఎక్కడో గులాబీ ఛాయ ఉన్నట్టూ లేనట్టూ. పెళ్లి పక్కవారమే. నిజంగా టెన్షన్ పట్టుకుంది.

తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, రంగు మూడు దారుల్లో పోతుంది. ఈ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు వేడికి విరుగుతాయి. పులుస్తున్నప్పుడు కొంత రంగు ఈస్ట్ కణాలకి అంటుకుని వాటితో పాటే అడుక్కి దిగిపోతుంది. బకెట్ అడుగున పేరుకున్న మడ్డి చక్కటి గులాబీ రంగులో ఉంది, మాకు కావలసిన రంగు అక్కడుంది మరి. మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ రంగు పులుపులోనే ఎర్రగా నిలుస్తుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దగ్గర కళకళలాడుతుంది, మామూలు బీరు ఉండే 4.2, 4.5 దగ్గరికొచ్చేసరికి వెలవెలబోతుంది. పూలలోనే సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు ఉన్నాయి కాబట్టి పీహెచ్‌ని అవే కొంత కిందికి లాగుతాయి. అంటే ఎరుపు కావాలంటే పూలు పెంచాలి, పూలు పెంచితే పులుపు పెరుగుతుంది. ఒకటి వదిలి ఇంకొకటి తెచ్చుకోవడం కుదరదు.

ఇక చేసింది ఇదీ. సుమారు లీటరున్నర నీళ్లు 80 డిగ్రీల దాకా వేడి చేసి, దించి, మరో విడత పూలు వేసి పావుగంట మూతపెట్టి, వడకట్టి చల్లార్చాం. కెగ్ అంటే బీరు నిలవ ఉంచి పట్టుకునే పీపా. ఆ డికాషన్ ముందు ఖాళీ కెగ్‌లో పోసి, పులిసిన బీరుని దాని మీదకి నెమ్మదిగా దించాం. ఈస్ట్ అప్పటికే అడుక్కి చేరింది కాబట్టి ఈసారి రంగు నిలిచింది. మొదటి రోజు ఫోటోలంత కాదు, కానీ అది ఎరుపే అని ఎవరైనా ఒప్పుకునేంత.

పార్టీ రోజు వరండాలో కెగ్ పెట్టి గ్లాసుల్లో పడుతుంటే నురగ కూడా గులాబీగా వచ్చింది. పెళ్లికూతురి మేనమామ ఒకాయన గ్లాసు ఎత్తి ఎండకి పట్టి, "రూఅఫ్జా ఏమన్నా కలిపావా తల్లీ?" అని అడిగారు. ఒకసారి తాగి, మళ్లీ అనుమానంగా చూశారు. అప్పుడే మా పక్కింటి మెక్సికన్ ఆయన అలవాటుగా తన గ్లాసులోకి నిమ్మచెక్క పిండుకున్నాడు, వాళ్లు ఏ బీరులోకైనా పిండుకుంటారు. రసం పడ్డచోటి నుంచి రంగు మారడం మొదలైంది. కొంచెం మసకగా ఉన్న గులాబీ కాస్తా గ్లాసు మొత్తం నిఖార్సైన ఎరుపు అయిపోయింది. ఆయనా ఉలిక్కిపడ్డాడు. పిల్లలు కేకలు వేశారు. ఇంక చూడాలి, ఉన్న నిమ్మకాయలన్నీ అయిపోయి మా మరిదిని పెళ్లిబట్టల్లోనే షాపుకి పంపాల్సి వచ్చింది. పీహెచ్ గురించి అంత చదివి కూడా ఈ పని నాకు తట్టలేదు. అత్తయ్యగారు మందు ముట్టరు, మిగిలిన పూల డికాషన్‌లో పంచదార, సోడా కలిపి ఇస్తే ఆవిడా నిమ్మచెక్క పిండుకుని రంగు చూసుకున్నారు.

ఆ రోజు సంబరంలో చాలామందికి ఈ పద్ధతి కళ్లు మూసుకుని చెప్పేశాను. ఇప్పుడైతే కాస్త ఆచితూచి చెబుతాను. పార్టీలో మిగిలింది సీసాల్లోకి ఎత్తి గరాజ్‌లో పెట్టాం. వేసవి దాటాక ఒకటి తెరిస్తే ఉల్లితొక్క రంగులో ఉంది. రుచి పాడవలేదు, కానీ ఎర్ర బీరు అని ఎవరికీ పోయలేం. గాలి, వెలుతురు, వేడి, ఈ మూడూ ఈ రంగుకి పడవు. డాలస్ గరాజ్‌లో మూడూ ఉచితం. ఫ్రిజ్‌లో, కెగ్‌లోనే ఉంచితే ఓ నెల పైగా నిలుస్తోంది. బీరు చెడకుండా కాంప్‌డెన్ బిళ్ల వేసే అలవాటున్నవాళ్లు కెగ్‌లో మాత్రం వెయ్యకండి, అందులోని సల్ఫైట్ ఈ రంగుని తెల్లబరుస్తుంది.

కొలతల సంగతి మా నాలుకల ప్రకారం చెబుతున్నా. 19 లీటర్ల బీరుకి 60 గ్రాముల పూలైతే లేత గులాబీ, పులుపు తెలీదు. 110 దగ్గర రంగు బాగుంటుంది, పులుపు తెలుస్తుంది. 170 వేస్తే రంగు అదిరిపోతుంది కానీ అది బీరులా ఉండదు. గోంగూర పచ్చడి తిని పెరిగినవాళ్లం కాబట్టి మాకు 110 హాయిగా ఉంది. మా ఆఫీసులో అమెరికన్లు మాత్రం మొదటి గుక్కకే మొహం చిట్లించారు, అందులో సగంమంది రెండో గ్లాసు అడిగారనుకోండి. పూలు సంచిలో కట్టే వెయ్యండి, విడిగా వేస్తే ఉబ్బి గొట్టానికి అడ్డం పడతాయి. ఈ పూల టీ బీపీని కొంత తగ్గిస్తుందని అధ్యయనాలున్నాయి, అందుకని బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లకి ఇందులో ఏముందో చెప్పాకే పోస్తాను.

మాకు గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంది, మావాళ్లు వస్తే ఒక్క సాయంత్రంలో కెగ్ ఖాళీ చేస్తారు, కాబట్టి మాకు నడిచిపోతోంది. ఆ రెండూ లేకపోతే ఇంత శ్రమ పడమని చెప్పలేను. వచ్చే నెల హ్యూస్టన్‌లో మా ఆడపడుచు వాళ్ల ఇరవై అయిదో పెళ్లిరోజు. "మీ ఎర్ర బీరు తప్పకుండా తేవాలి వదినా" అంటోంది. అంతదూరం ఎండలో కెగ్ మోసుకెళ్లే ఓపిక నాకు లేదు. గోధుమ బీరు అక్కడే కొనిపెట్టమన్నాను, డికాషన్ మాత్రం ఐస్ పెట్టెలో నేను తెస్తాను. జగ్గులో అప్పటికప్పుడు కలిపి, పక్కన నిమ్మచెక్కలు పెడదాం అనుకుంటున్నాం.