అనంతపురంలో కారు ప్లగ్గులు కొంటున్నారా? పెట్టె మీది స్టిక్కర్ గోటితో గీకి చూడండి

షాపు పేరు రాయను. రాస్తే రేపు వాడే నా మీద పరువు నష్టం కేసు వేస్తానంటాడు. మన ఊళ్లో ఇంపోర్టెడ్ కార్ల సామాన్లు కూడా మా దగ్గర దొరుకుతాయని గొప్పలు చెప్పుకునే షాపులు ఎన్ని ఉన్నాయో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఏదో మీకే అర్థమవుతుంది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాది 2012 ఆడి టీటీ, సెకండ్ హ్యాండ్. బెంగళూరులో కొన్నాను. కేఏ నంబర్‌ను ఏపీ39కి మార్చుకోవడం, ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్ అదంతా వేరే రామాయణం, ఇప్పుడొద్దు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 211 హార్స్‌పవర్. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త వణుకుతోంది, ఇంజిన్‌లో పెట్రోల్‌ను అంటించే స్పార్క్ ప్లగ్గులు మార్చేద్దాం అన్నాడు మా మేస్త్రి. నాకు కావాల్సింది ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు, నంబర్ పీఎఫ్ఆర్7ఎస్8ఈజీ. ఇది నేను ఊహించి చెప్పింది కాదు, ఇంజిన్‌లోంచి తీసిన పాత ప్లగ్గు మీద అచ్చేసి ఉన్న నంబర్. ఆ ఫొటో వాట్సాప్‌లో షాపుకు పంపాను. "ఉండాయి సార్, సేమ్ నంబర్. ఒక్కోటి 1,050. బెంగళూరులో అయితే ఇంకా ఎక్కువ చెప్తారు, మీరు మన ఊరోళ్లు కదా" అన్నాడు. మన ఊరోళ్లు! ఆ మాటకే పడిపోయా.

నాలుగు పెట్టెలకు 4,200 యూపీఐ చేశాను. డబ్బు షాపు పేరు మీద కాకుండా వాళ్లింట్లో ఎవరి పేరు మీదో పడింది. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద "ప్లగ్గులు 4" అని గీకి ఇచ్చాడు. జీఎస్టీ నంబర్ లేదు, ప్లగ్గు నంబర్ లేదు. పెట్టెల మీద మాత్రం పీఎఫ్ఆర్7ఎస్8ఈజీ అని నీటుగా ప్రింటై ఉంది. సాయంత్రం మేస్త్రి బిగించాడు. ఊళ్లో సప్తగిరి సర్కిల్, టవర్ క్లాక్ చుట్టూ తిరిగినంతకాలం ఏ తేడా తెలియలేదు. తెలియదు కూడా, ట్రాఫిక్‌లో టర్బో ఎక్కడ లేస్తుంది?

పెద్దమ్మ వాళ్లింట్లో నిశ్చితార్థం ఉండి బెంగళూరు బయల్దేరాం. హైవే ఎక్కాక లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కితే బండి ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్క జర్క్ ఇచ్చింది. సరేలే అనుకున్నా. మళ్లీ తొక్కితే మళ్లీ జర్క్. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి చెక్ ఇంజిన్ లైట్ వెలగడం కాదు, ఆరి ఆరి వెలుగుతోంది. ఈ తేడా తెలియని వాళ్లకు చెబుతున్నా. ఆ లైట్ నిలకడగా వెలిగితే నిదానంగా వెళ్లి చూపించుకోవచ్చు. ఆరి ఆరి వెలుగుతుంటే మాత్రం మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం, గట్టిగా ఉందని, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుందని అర్థం. వెంటనే పక్కకు ఆపాలి. ఆపాను. ఎక్కడ ఆపానో తెలుసా? కియా ఫ్యాక్టరీ దగ్గర. కొత్త కార్లు ట్రైలర్ల మీద వరసగా పోతుంటే, మా ఆవిడ పట్టుచీరలో రోడ్డు పక్కన నిలబడి, నేను బానెట్ ఎత్తి చూస్తూ. ఎండ గురించి మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు.

టోయింగ్ బండిలో మళ్లీ అనంతపురం. నిశ్చితార్థం ఫొటోల్లో చూశాం.

మేస్త్రి స్కానర్ పెడితే పీ0300, పీ0302 వచ్చాయి. అంటే సిలిండర్లన్నిట్లో అక్కడక్కడ మిస్‌ఫైర్, అందులో రెండోది మరీ ఎక్కువ. రెండో సిలిండర్ కాయిల్, అంటే ప్లగ్గుకు హై వోల్టేజ్ కరెంటు ఇచ్చేది, పోయింది. ప్లగ్గులు బయటికి తీస్తే పింగాణీ మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, ఒకదానికి పగులు కూడా. అప్పుడు మేస్త్రి తెల్ల పింగాణీ మీది అక్షరాలు వెలుతురులో పెట్టి చదివాడు. బీకేఆర్5ఈ-11. "పెట్టె మీద సరిగ్గానే ఉన్నింది కదా సార్" అంటూ చెత్త డబ్బాలోంచి ఖాళీ పెట్టెలు వెతికి తెచ్చాడు. ఉంది, సరిగ్గానే ఉంది. అంచు కొంచెం లేచి ఉంటే గోటితో లాగాను. తెల్ల స్టిక్కర్ ఊడి వచ్చింది. దాని కింద కంపెనీ అచ్చు వేసిన అసలు నంబర్, బీకేఆర్5ఈ-11. నాలుగు పెట్టెలకూ అంతే.

అంటే పొరపాటున వేరే పెట్టె ఇవ్వడం కాదు. కూర్చుని, ప్రింట్ తీసి, కత్తిరించి, అంటించారు. ప్లగ్గు కూడా నకిలీ కాదు, అది మామూలు కార్లకు వాడే మంచి నికెల్ ప్లగ్గే, రెండొందలు పెడితే దొరుకుతుంది. నాకు ప్లాటినం ప్లగ్గు పేరు చెప్పి 1,050కి అమ్మాడు. మేస్త్రి బిగించేటప్పుడు చూసుకోలేదని మొదట వాడి మీద కూడా కోపం వచ్చింది. కానీ పెట్టె మీద నంబర్ చూశాక లోపలిది వేరేది ఉంటుందని ఎవడనుకుంటాడు?

"ఎక్కింది కదా, మరి ఎందుకు పనిచేయదు" అని అడిగేవాళ్లుంటారు, షాపువాడూ అదే అడిగాడు కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తున్నా. బీకే అంటే 14 ఎంఎం థ్రెడ్, 16 ఎంఎం పానా. ఆర్ అంటే రెసిస్టర్ ఉన్నది. ఈ అంటే థ్రెడ్ పొడవు 19 ఎంఎం. నా అసలు ప్లగ్గు కొలతలూ ఇవే, అందుకే హాయిగా ఎక్కి కూర్చుంది. తేడా అంతా మధ్యలో ఉన్న 5లోనూ, చివరి 11లోనూ ఉంది.

ఆ 5 హీట్ రేంజ్. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లటిది, అంటే మొన దగ్గరి వేడిని తొందరగా ఇంజిన్ హెడ్‌లోకి వదిలేస్తుంది. నా ఇంజిన్‌కు కావాల్సింది 7, వాడిచ్చింది 5. రెండు మెట్లు వేడి ఎక్కువ. ఒక్కో మెట్టుకు 70 నుంచి 100 డిగ్రీల తేడా అని తయారుచేసే వాళ్లే చెబుతారు. ప్లగ్గు మొన 450 డిగ్రీలన్నా ఉండాలి, లేకపోతే మసి పట్టేస్తుంది. 800 దాటి బాగా పైకి పోయిందా, స్పార్క్ రాకముందే పెట్రోల్ దానంతటదే అంటుకుంటుంది. టర్బో ఇంజిన్‌లో అది కాసేపు సాగితే పిస్టన్‌కే బొక్క పడుతుంది. సున్నం కొట్టినట్టు తెల్లబడిందన్నానే, అది ఈ వేడి గుర్తే.

ఇక 11 అంటే గ్యాప్, స్పార్క్ దూకాల్సిన సందు, 1.1 ఎంఎం. నాది 0.8. మూడు పాయింట్ల తేడాకే ఇంత గొడవా అంటే, అవును, ఇంతే గొడవ. టర్బో గాలిని కూరి కూరి సిలిండర్‌లోకి నింపుతుంది. గాలి ఎంత చిక్కబడితే స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఊళ్లో మెల్లగా పోతున్నప్పుడు దూకిన స్పార్క్, హైవేలో తొక్కగానే దూకలేక ఆరిపోతుంది. కాయిల్ తన శక్తికి మించి తోసి తోసి చివరికి తనే పోతుంది. నా కాయిల్ పోయింది అలాగే. పిస్టన్లు, కన్వర్టర్ మేస్త్రి కెమెరా పెట్టి చూశాడు, ప్రస్తుతానికి బాగానే ఉన్నాయన్నాడు. మొత్తం ఎంత ఖర్చయిందో ఇక్కడ రాయను, మా ఇంట్లో వాళ్లూ ఇది చదువుతారు.

ఇంతవరకూ డబ్బు పోవడమే. అసలు మండేది ఆ తర్వాత షాపులో జరిగినదానికి.

ప్లగ్గులు, పెట్టెలు, చీటీ అన్నీ కవర్లో వేసుకుని వెళ్లాను. గొడవ చేద్దామని కూడా కాదు. తప్పు జరిగింది సార్, డబ్బు తీసుకోండి అంటే తీసుకుని వచ్చేసేవాణ్ణి, ఈ పోస్టే ఉండేది కాదు. కౌంటర్ దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. నన్ను చూడగానే "రాండి సార్, టీ చెప్పమంటారా" అన్నాడు. కవర్లోంచి ప్లగ్గులు బల్ల మీద పెట్టాను. టీ సంగతి అక్కడితో సరి.

"ఎక్కినాయా లేదా సార్ మీ ఇంజిన్‌కి?"

"ఎక్కాయి. కానీ నంబర్ వేరే."

"ఎక్కినాయి కదా మళ్ల! ఎక్కకపోతే చెప్పండి, మారుస్తా. నంబర్‌దేముంది సార్, కంపెనీవాళ్లు మారుస్తానే ఉంటారు. ఇది దానికి ఈక్వలెంటు."

ఎడమ చెప్పు కుడి కాలికి ఎక్కింది కాబట్టి నడువు అన్నట్టుంది లెక్క. సరే, ఈక్వలెంటే అయితే అసలు నంబర్ మీద ఈ స్టిక్కర్ ఎందుకు అంటించారు అని అడిగి, సగం ఊడదీసిన పెట్టె వాడి ముందు పెట్టాను. వాడు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. స్టిక్కర్‌ను బొటనవేలితో మళ్లీ అదిమాడు, నా కళ్ల ముందే, అతుక్కుంటుందేమో చూద్దామన్నట్టు. అతుక్కోలేదు. తల ఎత్తాడు.

"మేము అంటించినామని ఎట్ల చెప్తావు? నువ్వే అంటించుకోని వచ్చినావేమో."

ఒక్క నిమిషం క్రితం టీ తాగమన్న మనిషి. నాకు నోట మాట రాలేదు. మీ వాట్సాప్ ఉంది, మీకు పంపిన ఫొటో ఉంది అని ఫోన్ తీస్తుంటే, నన్ను వదిలేసి పక్కనున్న వాళ్లతో మొదలుపెట్టాడు. "చూడండప్పా, బండేమో లక్షలు. గొడవేమో నాలుగు వేలకు. ప్లగ్గులకు లెక్కలు చూసుకునేటోళ్లకు ఇట్లాంటి కార్లు ఎందుకప్పా?" నవ్వారు. నవ్విన వాళ్లలో ఒకాయన మా కాలనీయే. ఆయన ఇది చదువుతుంటే, అన్నా, మీ చేతిలో ఆ రోజు ఉన్న ఆయిల్ ఫిల్టర్ పెట్టెను కూడా ఒకసారి గీకి చూసుకోండి.

అవును, సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాను. కష్టపడి కొన్నాను. అందుకని నన్ను మోసం చేసే హక్కు నీకు వచ్చిందా? ఇదే మాట అక్కడ అని ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి రాత్రి మంచం మీద పడుకున్నాక గుర్తొచ్చింది. మనకు మాటలన్నీ అప్పుడే వస్తాయి.

ఇంకోటి. వాడి వెనక ర్యాక్‌లో అదే సైజు తెల్ల స్టిక్కర్లున్న ప్లగ్గు పెట్టెలు వరసగా కనిపించాయి. ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తగానే "రేయ్, అవి లోపల పెట్టు" అని కుర్రవాణ్ణి పురమాయించాడు. ఒక్క ఫొటో దొరికింది, కొంచెం మసకగా. నాకొక్కడికే ఇలా జరగలేదని చెప్పడానికి అది చాలు.

కౌంటర్ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని పెద్ద బోర్డు. దాన్ని వేలితో చూపించి పంపేశాడు. ఆ బోర్డుకు విలువ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47) చూడండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్. నాకు ఇది మా వకీలు స్నేహితుడు చెప్పాక తెలిసింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నదాని విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. నాలుగు వేల కోసం కోర్టుకా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి, నవ్వించుకోవడం నాకు అలవాటైంది.

కొనేవాళ్లకు ఒకటి రెండు ముక్కలు. పెట్టెను నమ్మొద్దు, ప్లగ్గు బయటికి తీసి పింగాణీ మీద నంబర్ చదవండి, కౌంటర్ దగ్గరే. బిల్లులో ప్లగ్గు నంబర్ రాయించండి. రాయను అంటే అక్కడే వదిలేసి రండి. ఎవరైనా వేరే కంపెనీది ఈక్వలెంట్ అంటే అంకెలు పోల్చి మోసపోకండి. ఎన్‌జీకే 7 డెన్సోలో 22కు సమానం. బాష్‌లో అయితే లెక్క తిరగబడుతుంది, అంకె పెరిగితే ప్లగ్గు వేడిది. కంపెనీల సైట్లలో కారు మోడల్, సంవత్సరం, ఇంజిన్ కోడ్ కొడితే సరైన నంబర్ వస్తుంది, అదొక్కటే దిక్కు. బిగించేది టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానాతో, 14 ఎంఎం ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మీ మేస్త్రి ఎక్కువ బిగించాడు అనే సాకు కూడా షాపులో వినబడుతుంది, నాకూ వినబడింది.

గత కొన్ని నెలల్లో ఆ షాపులో ప్లగ్గులు కొన్నవాళ్లు ఇంట్లో పాత పెట్టెలుంటే ఒకసారి వెతకండి. కింద వేరే నంబర్ కనిపిస్తే స్టిక్కర్ పూర్తిగా పీకెయ్యకుండా సగం ఊడదీసి ఫొటో తీసి నాకు పంపండి, చీటీ ఉంటే అది కూడా. ఇద్దరు ముగ్గురం కలిసినా ఫిర్యాదుకు బలం వస్తుంది.