ఎక్సెల్, టాలీ, క్లౌడ్: చిన్న వ్యాపారానికి జీతాల లెక్క ఎందులో వేస్తే మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాప్‌కి ఎనిమిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అక్కడ 22 మంది పని చేస్తారు. సాయంత్రం పూట ఒక మిఠాయి దుకాణం లెక్కలు కూడా చూస్తాను, అక్కడ ఎనిమిది మంది. మా తమ్ముడు హైదరాబాద్ మాదాపూర్‌లో 14 మందితో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాడు, వాడి దగ్గర జీతాల లెక్క మొదలుపెట్టిందీ నేనే. మూడు చోట్లా ఇప్పుడు మూడు రకాలుగా జీతాలు వేస్తున్నాం. మిఠాయి దుకాణంలో ఎక్సెల్, వర్క్‌షాప్‌లో టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, తమ్ముడి ఆఫీసులో క్లౌడ్ పేరోల్, అంటే ఇంటర్నెట్‌లో నడిచే జీతాల సాఫ్ట్‌వేర్. "అన్నా, పేరోల్‌కి ఏది కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే వెంటనే ఒక పేరు చెప్పను. ముందు మీ దగ్గర జీతాల రోజు టెన్షన్ ఎక్కడ వస్తుందో చెప్పమంటాను.

ఎందుకంటే లెక్క వేయడం కష్టమైన పని కాదు. బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి 14,000 ఉన్న మనిషిని తీసుకోండి. పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, 0.75 శాతం, 105. వృత్తి పన్ను మన రెండు రాష్ట్రాల్లోనూ 15,000 వరకు లేదు. కాబట్టి చేతికి 12,215. యజమాని తన వైపు నుంచి పీఎఫ్ 1,680, బీమా 70, నిర్వహణ ఖర్చు 70, ఈఎస్ఐ 455 కడతాడు. ఆ 1,680లో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు, పెన్షన్‌కి పోతాయి. మిగిలిన 514 పీఎఫ్‌లో పడతాయి. ఇంతే. పదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. పీఎఫ్ 20 మంది నుంచి, ఈఎస్ఐ 10 మంది నుంచి వర్తిస్తుంది కాబట్టి చాలా దుకాణాలకు ఇది కూడా ఉండదు.

కష్టమంతా మారే మనుషులతో వస్తుంది. నెల మధ్యలో చేరినవాడు, మధ్యలో మానేసినవాడు, సగం పూట వచ్చినవాడు, జీతం పెరిగినవాడు, వయసు దాటినవాడు. సాఫ్ట్‌వేర్ అవసరమయ్యేది వీళ్ల కోసమే.

దీన్ని నేను నేర్చుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. వర్క్‌షాప్ జీతాలు అప్పట్లో ఎక్సెల్‌లో ఉండేవి. అక్కడి టర్నర్ ఒకాయనకి ఫిబ్రవరిలో పచ్చకామెర్లు వచ్చి నెలన్నర మంచం మీదే ఉన్నాడు. ఈఎస్ఐ నుంచి అనారోగ్య భృతి రావాలంటే వెనకటి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఆ ఆరు నెలల్లో ఇంట్లో ఇబ్బందుల వల్ల ఆయన ఎక్కువ సెలవులు పెట్టాడు. అయినా పని చేసినవి 84 రోజులు. నేను రెండు నెలలు పాత షీట్ కాపీ చేసి డబ్బు సరిచేశాను, రోజుల గడి సరిచేయలేదు. ఈఎస్ఐకి వెళ్లిన లెక్క 74. జీతంలో 70 శాతం రావాల్సిన మనిషికి భృతి రాలేదు. ఓనరు గారు మంచివారు కాబట్టి తన చేతి డబ్బు ఇచ్చారు. ఆ టర్నర్ భార్య నన్నేమీ అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఎక్కువ బాధ కలిగింది. పేరోల్ అంటే చలానా కట్టేయడమే అనుకునేవాళ్లకి అప్పటి నుంచి ఈ సంగతి చెబుతూనే ఉన్నాను. ఆ షీట్‌లో ప్రతి గడీ ఎవరో ఒకరి ఇంటికి సంబంధించినది.

ఎక్సెల్ ఎంతవరకు?

పది మంది లోపు, అందరూ నెల జీతం వాళ్లే, పీఎఫ్, ఈఎస్ఐ లేవు అంటే ఎక్సెల్ చాలు. మిఠాయి దుకాణంలో అదే చేస్తున్నాను, మార్చే ఉద్దేశం లేదు. పైగా ఎక్సెల్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. మన దుకాణాల్లో అడ్వాన్సులు ఎలా ఇస్తామో అలాగే రాసుకోవచ్చు. సోమవారం 500, గురువారం పిల్లాడి ఫీజుకి 2,000, పండక్కి 5,000, "వచ్చే నెల సగం పట్టుకోండి, ఆ పై నెల మిగతాది" అని బేరం. ఇవన్నీ ఒక గడిలో ఇమిడిపోతాయి.

పీఎఫ్ మొదలయ్యాక మాత్రం ఎక్సెల్ వద్దనే చెబుతాను. పీఎఫ్ పోర్టల్‌లో నెలనెలా ఎక్కించే చందా వివరాల ఫైల్‌లో (దీన్నే ఈసీఆర్ అంటారు) ఒక్కో అంకె మధ్య హ్యాష్, టిల్డె, హ్యాష్ గుర్తులు ఉండాలి. చేత్తో చేస్తే ఒక గుర్తు పోయినా ఫైల్ తిరిగొస్తుంది. అది తిరిగొస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు. తిరిగిరాని తప్పులే ప్రమాదం. 58 ఏళ్లు నిండిన మనిషికి పెన్షన్ వాటా ఆపి మొత్తం పీఎఫ్‌లో వేయాలి, ఎక్సెల్ ఆ పుట్టినరోజు గుర్తుచేయదు. ఇంకొకటి, ఈఎస్ఐ పరిమితి 21,000. జూన్‌లో ఒకరి జీతం 22,000 అయితే చాలామంది జూలై నుంచి కటింగ్ ఆపేస్తారు. అలా ఆపకూడదు, ఆ ఆరు నెలల గడువు సెప్టెంబరుతో ముగిసేదాకా కట్టాలి. ఆపేస్తే ఆ కుటుంబం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లినప్పుడు సంగతి బయటపడుతుంది.

టాలీ

మన ఊళ్లలో చిన్న వ్యాపారాల లెక్కలు చాలావరకు టాలీలోనే ఉంటాయి. అందులోనే పేరోల్ ఉందని తెలియనివాళ్లు ఇంకా ఎదురవుతుంటారు. విడిగా కొనక్కర్లేదు, సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. జీతం వేయగానే ఆ ఖర్చు, కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ, కార్మికుడి అడ్వాన్స్ అన్నీ నేరుగా పుస్తకాల్లో పడిపోతాయి. ఒకే అంకె రెండు చోట్ల కొట్టే పని ఉండదు. అడ్వాన్సులకు మనిషి పేరు మీద లెడ్జర్ ఎటూ ఉంటుంది. వర్క్‌షాప్‌లో రోజువారీ చిన్న అడ్వాన్సులే పెద్ద తలనొప్పి కాబట్టి అక్కడ టాలీకే మొగ్గు చూపాను.

అయితే మొదట అమర్చుకోవడానికి ఓపిక కావాలి. పే హెడ్‌లు, అంటే బేసిక్, డీఏ, పీఎఫ్ లాంటి జీతం పద్దులు, ఒక్కొక్కటి తయారు చేయాలి, ఏది హాజరును బట్టి, ఏది శాతాన్ని బట్టి అని చెప్పాలి. ఒక్క పే హెడ్ తప్పుగా పెడితే 22 మందికీ అదే తప్పు వెళుతుంది. నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఇంకో సంగతి, రేట్లు, నిబంధనలు మారినప్పుడు అప్‌డేట్ రావాలంటే టీఎస్ఎస్ అనే టాలీ వాళ్ల అప్‌డేట్ చందా నడుస్తూ ఉండాలి. పాత వెర్షన్‌తోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు పేరోల్‌కి దాన్ని వాడకపోవడమే మంచిది.

అసలు బలహీనత వేరే ఉంది. టాలీ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని నడిపే మనిషి అకౌంటెంట్ ఒక్కడే. అతను 12వ తేదీన జ్వరంతో పడుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ కట్టాల్సిన 15వ తేదీ దాటిపోతుంది. పీఎఫ్ ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన జరిమానా. నాకు పెళ్లిళ్లు, ప్రయాణాలు వచ్చినప్పుడల్లా ఈ భయం ఉండేది. ఇప్పుడు ఓనరు గారి కూతురికి పని నేర్పాను.

క్లౌడ్ పేరోల్

చెన్నై జోహో వాళ్ల జోహో పేరోల్, బెంగళూరు గ్రేట్‌హెచ్ఆర్, మన హైదరాబాద్ కేకా, రేజర్‌పేఎక్స్ పేరోల్. చిన్న వ్యాపారాల్లో ఎక్కువగా వినిపించే పేర్లు ఇవి. నాలుగూ ఒక్కలా ఉండవు. మీ పుస్తకాలు జోహో బుక్స్‌లో ఉంటే జోహో పేరోల్ సహజంగా కలిసిపోతుంది. గ్రేట్‌హెచ్ఆర్, కేకా జీతాలతో ఆగకుండా సెలవులు, హాజరు కూడా చూసుకుంటాయి. రేజర్‌పేఎక్స్ బలం చెల్లింపుల్లో ఉంది. ఖాతాలో డబ్బు పెడితే జీతాలు వేసి, టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్), పీఎఫ్, ఈఎస్ఐ కూడా అదే కట్టేస్తుంది.

తమ్ముడి ఆఫీసులో అడ్వాన్సుల గొడవ లేదు. అక్కడి తలనొప్పి ఇన్‌కమ్ ట్యాక్స్. ఒకరు కొత్త విధానం, ఒకరు పాతది. పాత విధానం వాళ్ల ఇంటి అద్దె రసీదులు, హోమ్ లోన్ వడ్డీ, ఎల్ఐసీ కాగితాలు. మధ్యలో చేరినవాళ్లకి పాత కంపెనీ జీతం కలపాలి. నెలనెలా 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి, ఏడాదికోసారి ఉద్యోగులకు టీడీఎస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పైగా ఒక అమ్మాయి బెంగళూరు నుంచి, ఇంకొకరు చెన్నై నుంచి పని చేస్తారు. వృత్తి పన్ను మన దగ్గర 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. కర్ణాటకలో లెక్క వేరు, తమిళనాడులో ఆరు నెలలకోసారి. వీటిని టాలీలోనో ఎక్సెల్‌లోనో చేసుకోమనడం అన్యాయం. ఉద్యోగులు తమ కాగితాలు తామే ఎక్కించుకుంటారు, పే స్లిప్ ఫోన్‌లో చూసుకుంటారు. అక్కడ క్లౌడ్ కాకుండా ఇంకోటి పెట్టమని చెప్పను.

తమ్ముడి ఆఫీసులో వాడే ఈ క్లౌడ్ పేరోల్‌నే లేత్ వర్క్‌షాప్‌లో నాలుగు నెలలు ప్రయత్నించి వదిలేశాం. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, జీతం వాళ్లకి 75,000 తగ్గింపు కూడా కలుస్తుంది. మా టర్నర్లలో ఎవరూ దాని దరిదాపుల్లో లేరు. అంటే ఆ ప్యాకేజీలో ఎక్కువ భాగం మాకు పనికిరాదు, డబ్బు మాత్రం మనిషికి ఇంత అని కట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో అడ్వాన్స్ అంటే అప్పు. తేదీ, కిస్తీలు, ఆమోదం ఉండాలి. వారానికి మూడుసార్లు 500 తీసుకునే మనిషికి మూడు అప్పు ఖాతాలు తెరవాల్సి వచ్చింది.

ధర అడిగేటప్పుడు రెండు సంగతులు కనుక్కోండి. మనిషి లెక్కనా, లేక నెలకు కనీస ధర ఉందా? కనీస ధర ఉంటే 14 మందికి కూడా ఎక్కువ మంది డబ్బు కట్టినట్టే. రెండోది, ఈసీఆర్ ఫైల్ తయారు చేసి ఇస్తారా, లేక పోర్టల్‌లో ఎక్కించి కడతారా? "పీఎఫ్ మేమే చూసుకుంటాం" అనే మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి.

ఆడిటర్ గారికి అప్పగిస్తే?

చాలామంది చేసేది ఇదే. ఫైలింగ్ వరకు మంచి పద్ధతి, వర్క్‌షాప్‌లో చలానాలు ఇప్పటికీ ఆడిటర్ గారి ఆఫీసే ఒకసారి సరిచూస్తుంది. కానీ హాజరు పట్టీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి మిగతా అంతా వాళ్లే చూసుకుంటారనుకోవడం తగదు. సగం పూట వచ్చిందెవరో, ఓటీ (ఓవర్‌టైమ్) చేసిందెవరో మనకే తెలుసు. వాళ్లకు తెలిసేది ఫొటోలో ఉన్నదే.

ఏది కొన్నా మన మీదే ఉండే పనులు కూడా ఉన్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పీఎఫ్‌లో ఇంకోలా ఉంటే సాఫ్ట్‌వేర్ దిద్దదు. 2025 ఆగస్టు నుంచి కొత్తవాళ్ల యూఏఎన్‌కి, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరుకి, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించాలి, చేరిన రోజే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల, అంటే కొత్త కార్మిక చట్టాల, సంగతి కూడా అంతే. జీతాన్ని ఎలా విడగొట్టాలో యజమానే నిర్ణయించాలి. 18,000 జీతంలో బేసిక్ 7,000 పెట్టి మిగతా 11,000 హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) అని రాస్తే ఇక చెల్లదు. వేతనంలో కలపని ఇలాంటి భత్యాలు మొత్తం జీతంలో సగం దాటకూడదు కాబట్టి వేతనం 9,000గా లెక్కపెడతారు. దాని మీద 12 శాతం అంటే పీఎఫ్ 840 నుంచి 1,080 అవుతుంది. మానేసిన మనిషికి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలని కూడా కోడ్ చెబుతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క మధ్యనెలలో ఎంత సులువుగా వస్తుందో తప్పక చూడండి.

నా సలహా ఇది. పది మంది లోపు, పీఎఫ్, ఈఎస్ఐ లేకపోతే ఎక్సెల్. రోజు కూలీ, అడ్వాన్సులు, ఓటీ ఉన్న వర్క్‌షాప్, మిల్లు, హోటల్ లాంటివాటికి, లెక్కలు ఎటూ టాలీలో ఉండి రోజూ కూర్చునే అకౌంటెంట్ ఉంటే టాలీ. టీడీఎస్ పడే జీతాలున్నా, రెండు రాష్ట్రాల్లో మనుషులున్నా, అకౌంటెంట్ లేక యజమానే చేసుకుంటున్నా క్లౌడ్.

డెమోకి వచ్చినవాళ్లు వాళ్ల సొంత ఉదాహరణలు చూపిస్తారు, వాటిలో అందరూ ఒకటో తారీఖున చేరి నెలంతా పని చేసినవాళ్లే. మీరు నలుగురి వివరాలు ముందే రాసి ఉంచుకోండి. 17న చేరినవాడు, జూన్‌లో 21,000 దాటినవాడు, ఈ ఏడాది 58 నిండేవాడు, మూడు అడ్వాన్సులు మిగిలినవాడు. మీ ఎదురుగానే ఈ నలుగురి పే స్లిప్‌లు తీయమనండి. అరగంటలో అసలు సంగతి తెలిసిపోతుంది. తర్వాత మొత్తం డేటా బయటికి తీసుకునే బటన్ ఎక్కడుందో అడిగి, అది కూడా నొక్కించి చూడండి.

మార్చేది ఏప్రిల్‌లో మార్చండి. మధ్యలో మారితే టీడీఎస్ కోసం గడిచిన నెలలన్నీ మళ్లీ ఎక్కించాలి, ఈఎస్ఐ ఆరు నెలల లెక్క కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. ఏప్రిల్, మే జీతాలు పాతదాంట్లో, కొత్తదాంట్లో రెండింటిలోనూ వేయండి. డబ్బుతో పాటు రోజుల గడి కూడా ప్రతి మనిషికీ కలిసిందాకా పాత ఫైల్ మూయకండి.