నలభైల్లో పడ్డ ర్యాప్ అభిమానికి స్పాటిఫై పనికొస్తుందా?

పాటలు వినే యాప్ స్పాటిఫై గురించి వచ్చే రివ్యూలు చాలావరకు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి రాసినవే. ఇది మాత్రం ఎమినెమ్, 50 సెంట్, జే-జీ పాటల్ని సీడీల్లో కాపీ కొట్టుకుని, హాస్టల్ గదుల్లో పంచుకుని విన్న తరానికి. హైదరాబాదులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా వాళ్ళ తంటా ఒకటే. పాత ర్యాప్ పెడితే సగంలోనే చెయ్యి స్కిప్ మీదకి పోతుంది, కొత్త ర్యాప్ చెవికెక్కదు, యాప్ మాత్రం అదే సరుకు మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే, పాటల లైబ్రరీకి, వాడుక సౌకర్యానికి మంచి మార్కులే పడతాయి. సిఫార్సులకు మాత్రం, సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే, పాస్ మార్కులు కూడా కష్టం. ఒక గంట కూర్చుని సరిచేసుకుంటే లెక్క మారుతుంది. ఆ సరిచేయడం గురించే ఎక్కువ చెప్పాలి.

దానికంటే ముందు, తప్పు మన చెవులదా, ర్యాప్‌కి ఇల్లయిన హిప్‌హాప్‌దా అన్న ప్రశ్న ఒకటి ఉంది. 2025 అక్టోబరు 25 తేదీ బిల్‌బోర్డ్ హాట్ 100లో, అంటే అమెరికా వారపు హిట్ పాటల చార్టులో, తొలి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాటా లేదు. 1990 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2017లో, ఆర్ అండ్ బీ సంగీతంతో కలిపి లెక్కేస్తే, రాక్‌ని దాటేసి అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వినే సంగీతంగా నిలిచింది ఈ హిప్‌హాపే. అందుకే ఆ వారం గగ్గోలు బాగానే లేచింది. అయితే ఆ ఖాళీ వెనక ఒక నిబంధన కూడా ఉంది. పాతబడిన పాటల్ని చార్టు నుంచి తప్పించే నియమాల్ని బిల్‌బోర్డ్ అప్పుడే కఠినం చేసింది. 26 వారాలు దాటిన పాట 25వ స్థానం కిందకి జారితే ఇక దానికి చోటు లేదు. 13 వారాలు నంబర్ వన్‌గా ఉన్న కెండ్రిక్ లమార్, సిజాల పాట "లూథర్" ఆ దెబ్బకే బయటికి పోయింది. పాత నియమమే ఉండుంటే నిలబడేది. పైగా టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్‌లోని పన్నెండు పాటలూ ఆ నలభైలోనే తిష్ట వేశాయి.

కాబట్టి చచ్చిపోయిందనడం అతి. నీరసపడిందనడం నిజం. 2023లో ఒక ర్యాప్ ఆల్బమ్ నంబర్ వన్ కావడానికి జులై దాకా పట్టింది. ఒక ర్యాప్ పాట హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది సెప్టెంబరులోనే. ఇంకోపక్క అమెరికాలో జనం వినేదాంట్లో 70 శాతం పైచిలుకు పద్దెనిమిది నెలలు దాటిన పాటలే. పరిశ్రమ లెక్కల్లో దాన్ని "క్యాటలాగ్" అంటారు. అంటే ర్యాప్ వినడం మానలేదు, కొత్త ర్యాప్ వినడం తగ్గింది. నలభై ఏళ్ళవాడు 2003 నాటి ఆల్బమ్ పెట్టుకుంటే చార్టులో అది కనపడదు గానీ స్పాటిఫై లెక్కల్లో పడుతుంది. చిక్కంతా అక్కడే.

వయసు సంగతి కూడా స్పాటిఫై లెక్కల్లోంచే బయటపడింది. 2018లో న్యూయార్క్ టైమ్స్‌లో సేథ్ స్టీఫెన్స్-డేవిడోవిట్జ్ ఆ డేటాతోనే ఒక విశ్లేషణ రాశారు. మగవాళ్ళు పెద్దయ్యాక ఎక్కువగా వినే పాటలు సగటున వాళ్ళకి 14 ఏళ్ళప్పుడు విడుదలైనవి, ఆడవాళ్ళకైతే 13. ఏడాదిలో మీరు ఏం విన్నారో చూపే 2025 సంవత్సరాంతపు "ర్యాప్డ్‌" (Wrapped)లో కంపెనీ "లిజనింగ్ ఏజ్" అని ఒకటి పెట్టింది. మీ వయసువాళ్ళందరికంటే మీరు ఎక్కువగా విన్న ఐదేళ్ళ కాలం ఏదో చూస్తుంది, ఆ పాటలు వచ్చినప్పుడు మీకు 16 నుంచి 21 ఏళ్ళు ఉండి ఉంటాయని ఊహిస్తుంది, దాన్నిబట్టి వయసు కడుతుంది. సరదాకి పెట్టిందే. ఇంట్లో అమ్మమ్మ కోసం రోజూ ఘంటసాల పాటలు పెట్టే మనవడికి ఎనభై ఏళ్ళు వచ్చిపడితే అది లెక్క తప్పు కాదు, ఒకే అకౌంట్ ఇద్దరు వాడిన ఫలితం.

ఇక మరమ్మతు. యాప్ మీ నుంచి నేర్చుకునేది ప్రధానంగా మూడు పనుల నుంచి: ఏది వింటారు, ఏది దాచుకుంటారు, ఏది మధ్యలో తోసేస్తారు. పాట 30 సెకన్లు దాటితే "విన్నారు" కింద లెక్క. కాబట్టి నచ్చని పాట వస్తే నిమిషం పాటు ఓపిక పట్టడం మర్యాదేమో గానీ మీకే నష్టం. 30 సెకన్లలోపే దాటేయండి.

అసలు చెత్తంతా వచ్చేది జిమ్ ప్లేలిస్టు నుంచి. వ్యాయామం చేసేటప్పుడు ఊపు కోసం పెట్టే ట్రాప్ (బరువైన బీట్ల కొత్త రకం ర్యాప్) పాటలు వారానికి ఐదారు గంటలు మోగుతాయి. కావాలని కూర్చుని వినే సంగీతం రెండు గంటలు కూడా ఉండదు. యాప్‌కి ఆ తేడా తెలియదు, ఎక్కువ మోగిందే ఎక్కువ ఇష్టం అనుకుంటుంది. ఆ ప్లేలిస్టు తెరిచి, మూడు చుక్కలు నొక్కి, "ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ యువర్ టేస్ట్ ప్రొఫైల్" ఎంచుకోండి. పిల్లల పాటలకీ, నిద్రకి పెట్టే వాన చప్పుళ్ళకీ ఇదే మందు. ఇప్పుడు విడి పాటలకీ ఈ సౌకర్యం ఇచ్చారు. ప్లేలిస్టు మినహాయించినా పాటలు మీ దగ్గరే ఉంటాయి, సిఫార్సుల లెక్కలోంచి మాత్రం పోతాయి.

ఏం వింటున్నారో ఇతరులకి కనపడకుండా వినే ప్రైవేట్ సెషన్ కూడా ఇందుకే అని చాలామంది అనుకుంటారు. దాని మీద మరీ భరోసా పెట్టుకోకండి. అందులో విన్నవి సిఫార్సుల్ని ప్రభావితం "చేయకపోవచ్చు" అని మాత్రమే కంపెనీ అంటుంది. పైగా చాలాసేపు యాప్ ముట్టుకోకపోతే దానంతటదే ఆగిపోతుంది, మీరు గమనించరు.

ఆ తర్వాత ఆటోప్లే ఆపండి. మీరు పెట్టిన ఆల్బమ్ అయిపోగానే "ఇలాంటివే" అంటూ పాటలు తోసేది అదే, తోసేవి ఎప్పుడూ ఆ కళాకారుడి చుట్టుపక్కల సూపర్ హిట్లే. స్మార్ట్ షఫుల్ కూడా ఆపేయండి. అది మీ ప్లేలిస్టులో ప్రతి మూడు పాటలకి ఒకటి తనది దూరుస్తుంది. షఫుల్ బొమ్మ పక్కన చిన్న మెరుపు గుర్తు కనిపిస్తే అది నడుస్తున్నట్టే. ఇవన్నీ చేశాక వచ్చే సోమవారానికే, యాప్ వారం వారం మీకోసం కట్టే ప్లేలిస్టు డిస్కవర్ వీక్లీలోని ముప్ఫై పాటలూ మారిపోతాయని ఆశపడకండి. కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా లైక్డ్ సాంగ్స్ తెరిచి, పైన కనిపించే జానర్ ఫిల్టర్లలో హిప్‌హాప్ నొక్కి, ఇక వినమని తెలిసినవాటికి లైక్ తీసేయండి. విసుగే, కానీ దీన్ని మించిన మందు లేదు.

ఖాళీ చేసిన చోట ఏం నింపాలి? "నలభై దాటాక జాజ్ వినాలి" లాంటి సలహాలు పనిచేయవు. ర్యాప్ విన్న చెవికి దగ్గరి దారి ఆ బీట్ల కిందే ఉంది. శాంపిల్స్, అంటే పాత పాటల నుంచి కత్తిరించి బీట్‌లో వాడుకున్న ముక్కలు, పట్టుకుని వెనక్కి నడవడమే. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 1991 ఆల్బమ్ "ది లో ఎండ్ థియరీ"లో ఒక పాటకి బాస్ వాయించింది రాన్ కార్టర్, మైల్స్ డేవిస్ బృందంలో వాయించినాయన. ఆ ఒక్క పాట నుంచి ఆయన పేరు పట్టుకుని ముందుకెళితే అరవైల జాజ్ మొత్తం తెరుచుకుంటుంది. మాబ్ డీప్ 1995 పాట "షూక్ వన్స్, పార్ట్ 2"లో ఆ భయంగొలిపే స్వరం ఎక్కడిదో పదిహేనేళ్ళకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. హెర్బీ హాంకాక్ 1969లో వాయించిన "జెస్సికా" పియానోలోంచి కత్తిరించారని 2011లో తేలింది. రెండూ పక్కపక్కన వినండి. హాంకాక్ దగ్గర అది మెత్తటి, నెమ్మది రాగం. దాన్నే ముక్కలు చేసి, వేగం మార్చి పేరిస్తే అర్ధరాత్రి సందులో అడుగుల చప్పుడైంది.

మన ఇంటికొచ్చే దారులూ ఉన్నాయి. బ్లాక్ ఐడ్ పీస్ 2003 ఆల్బమ్ "ఎలిఫంక్"లోని "ది ఎలిఫంక్ థీమ్" కింద మోగేది ఇళయరాజా, 1985 నాటి తమిళ చిత్రం "శ్రీ రాఘవేంద్రర్" పాట. అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ 2002 హిట్ "అడిక్టివ్"లో వినిపించే గొంతు లతా మంగేష్కర్‌ది, స్వరం "సింహాసనం" మనకిచ్చిన బప్పీ లహరిది. అడక్కుండా వాడారని అది కోర్టుదాకా వెళ్ళింది.

ఈ పనికి ఇన్నాళ్ళూ, ఏ పాటలో ఏ పాట ముక్క ఉందో చెప్పే హూశాంపుల్డ్ సైటు వేరే తెరుచుకోవాల్సి వచ్చేది. 2025 నవంబరులో స్పాటిఫై దాన్ని కొనేసింది, "సాంగ్‌డీఎన్‌ఏ" పేరుతో ఆ వివరాలు డబ్బు కట్టే ప్రీమియం వాళ్ళకి పాట పక్కనే చూపిస్తామని ప్రకటించింది. మీ యాప్‌లో అది కనిపించకపోతే పాత పద్ధతే: సైటులో చూసి, ఇక్కడ వెతుక్కోవడం. ఒక జాగ్రత్త. మూలం పాట దొరికాక దాని మీద, అలాంటి పాటలే వరసగా పెట్టే "గో టు రేడియో" నొక్కకండి. రెండు పాటల తర్వాత అందరికీ తెలిసిన హిట్లలోకి లాక్కెళ్తుంది. ఆల్బమ్ తెరిచి మొదటి నుంచి వినండి, నచ్చితే ఆల్బమ్ మొత్తాన్నే సేవ్ చేయండి.

లైబ్రరీలో చిల్లులున్నాయి, అవి హిప్‌హాప్‌లోనే ఎక్కువ. కారణం మళ్ళీ శాంపిళ్ళే. సీడీల కాలంలో తీసుకున్న అనుమతులు చాలావరకు స్ట్రీమింగ్‌కి చెల్లవు. డి లా సోల్ తొలి ఆల్బమ్‌లు అన్ని స్ట్రీమింగ్ సర్వీసుల్లోకీ వచ్చేసరికి 2023 మార్చి అయింది. మిక్స్‌టేపుల పరిస్థితి మరీ ఘోరం. ఉచితంగా పంచినవి కాబట్టి అప్పట్లో అనుమతుల గొడవ లేదు, ఇప్పుడు ఎక్కించాలంటే కొన్ని పాటలు తీసేయాల్సి వస్తోంది. చాన్స్ ద ర్యాపర్ "ఆసిడ్ ర్యాప్" 2019లో ఎక్కినప్పుడు "జ్యూస్" పాట చోట 30 సెకన్ల సందేశం పెట్టారు. మీ పాత ఎంపీ3లు ఉంటే పారేయకండి. సెట్టింగుల్లో లోకల్ ఫైల్స్ ఆన్ చేస్తే అవీ ఇదే యాప్‌లో మోగుతాయి.

కారులో పిల్లలుంటే బూతు మాటల పాటల్ని అనుమతించే ఎక్స్‌ప్లిసిట్ సెట్టింగ్ ఆపేయవచ్చు. "ఈ" గుర్తున్న పాటలన్నీ బూడిదరంగుకి మారి ఆగిపోతాయి. వాటి బదులు శుభ్రమైన వెర్షన్ దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటు. అది విడి ఆల్బమ్‌గా ఉంటుంది, మీరే వెతికి ప్లేలిస్టులో వేసుకోవాలి.

శబ్దం సంగతి. వయసుతో ముందు తగ్గేది ఎత్తు ఫ్రీక్వెన్సీలు వినడం, మాటల హల్లులు మసకబారతాయి. ర్యాప్‌లో మాటే ప్రాణం కాబట్టి ఇది బాగా తెలుస్తుంది. సెట్టింగుల్లోని ఈక్వలైజర్‌లో 2.4 కిలోహెర్ట్జ్ (మాటల స్పష్టత) గీతని పైకి నెట్టడం కంటే 60, 150 హెర్ట్జ్ (బాస్) గీతల్ని కొంచెం దించండి. పైకి నెడితే శబ్దం చిరుగుతుంది, దించితే గొంతు తనంతట తేలుతుంది. జాజ్, ర్యాప్ కలిపిన ప్లేలిస్టులో జాజ్ సన్నగా వినిపిస్తే వాల్యూమ్ లెవెల్‌ని నార్మల్ నుంచి క్వైట్‌కి మార్చండి. నార్మల్‌లో అన్నిటినీ మైనస్ 14 లఫ్స్‌కి (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) తేవాలని చూస్తుంది గానీ, ఉన్నట్టుండి ఎగిసే శబ్దాలున్న జాజ్ రికార్డుని అంత పెంచితే చిరుగుతుందని మధ్యలో ఆపేస్తుంది. క్వైట్‌లో లక్ష్యం కిందే ఉంటుంది, రెండూ సమానంగా వస్తాయి. తగ్గిన శబ్దాన్ని కారు స్టీరియోలో పెంచుకుంటే సరి.

ప్లాన్ల విషయానికొస్తే, భారత్‌లో 2025 నవంబరులో ప్రకటించిన నెల ధరలు లైట్ ₹139, స్టాండర్డ్ ₹199, ప్లాటినమ్ ₹299. లైట్‌లో డౌన్‌లోడ్ లేదు, నాణ్యత 160 కేబీపీఎస్ దాకానే. అది వద్దు. ప్లాటినమ్‌లో 24 బిట్ లాస్‌లెస్, అంటే శబ్దంలో ఏమీ కోత పెట్టని నాణ్యత ఉంది, కానీ పాత న్యూయార్క్ ర్యాప్ కోసమే అయితే ఆ డబ్బు దండగ. ఆ బీట్లలో చాలావాటిని చేసిన ఎస్‌పీ-1200 శాంప్లర్ (పాట ముక్కల్ని రికార్డు చేసి బీట్ కట్టే పరికరం) 12 బిట్ యంత్రం, శాంపిల్ రేటు 26 కిలోహెర్ట్జ్, మెమరీ పది సెకన్లు. ఆ పది సెకన్లు సరిపోక 33 ఆర్‌పీఎమ్ రికార్డుని 45లో తిప్పి ఎక్కించి, తర్వాత యంత్రంలో వేగం దించేవారు. ఆ గరగరే ఆ సంగీతపు రుచి. దానికి 320 కేబీపీఎస్ చాలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వినేవాళ్ళకి లాస్‌లెస్ ఎలాగూ లాస్‌లెస్‌గా చేరదు.

ప్లాటినమ్ కొనడానికి గట్టి కారణం ఒక్కటే, అందులో ముగ్గురికి వేర్వేరు అకౌంట్లు వస్తాయి. పాటలు పెట్టమని ఫోను లాక్కునే పిల్లాడున్న ఇంట్లో, ఘంటసాల వినే అమ్మమ్మ ఉన్న ఇంట్లో అదే తీసుకోండి. ఒంటరిగా వినేవాళ్ళకి స్టాండర్డ్ చాలు.