ఇంటికి పంపే నర్సింగ్ సేవ, విజయనగరం: 40 రోజులు చూశాక

దసరాకి ముందు మా అత్తగారు బాత్‌రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆవిడకి 82 ఏళ్లు. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాక, మూడు లాంతర్ల దగ్గర మందుల షాపులో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి నర్సుని పెట్టుకున్నాం. 12 గంటల డ్యూటీకి రోజుకి 900. నేను నర్సింగ్ స్కూల్లో 26 ఏళ్లు ట్యూటర్‌గా చేసి రిటైరయ్యాను. మోకాళ్లు సహకరిస్తే అన్నీ నేనే చూసుకునేదాన్ని.

మొదట వచ్చిన పిల్ల మంచిది. గంజి ఓపిగ్గా తాగించేది. కానీ నర్సు కాదు. ఐదో రోజు దుప్పటి తీసి చూస్తే మడమ మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. వేలితో నొక్కాను, తెల్లబడలేదు. పడక పుండుకి అదే మొదలు. "మామ్మగారు నిద్రపోతున్నారు కదమ్మా, కదపడం ఎందుకని ఊరుకున్నాను" అంది. రెండు గంటలకోసారి తిప్పాలని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నా కోపమంతా ఆమెను నర్సు అని చెప్పి పంపినవాళ్ల మీదే.

ఆ రాత్రి నాకు తిమోతీ డేలీ గుర్తొచ్చాడు. ఏటా ఫస్టియర్ పిల్లలకి చెప్పిన పాఠం. 1864లో లండన్ హోబర్న్ వర్క్‌హౌస్‌లో (దిక్కులేనివాళ్లని ఉంచి పనిచేయించుకునే సర్కారు సత్రం) కీళ్ల జ్వరంతో పడిన ఐరిష్ కూలీ. దిక్కులేనివాళ్లు సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి, అక్కడి బతుకు బయటి కూలివాడి బతుకుకన్నా హీనంగా ఉండాలి అన్నది 1834 ఇంగ్లండ్ పేదల చట్టం ఉద్దేశం. తీరా అవి నిండింది ముసలివాళ్లతో, రోగులతో. వాళ్లకి సేవ చేసేదీ అక్కడే తలదాచుకున్న పేద ఆడవాళ్లే. శిక్షణ లేదు. చాలామందికి మందు సీసా మీది చీటీ చదవడం రాదు. డేలీ పడక పుండ్లతో బయటపడి, వేరే ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. పత్రికలు గొడవ చేశాయి. 1865లో లాన్సెట్ వైద్య పత్రిక సొంతంగా విచారణకి దిగింది. 1867లో లండన్ పేద రోగులకి వేరే ఆసుపత్రులు కట్టే చట్టం వచ్చింది.

ఇంటికొచ్చే నర్సు కథ కూడా అక్కడిదే. లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ భార్యకి చివరి రోజుల్లో మేరీ రాబిన్సన్ అనే నర్సు సేవ చేసింది. 1859లో ఆమెకే జీతమిచ్చి పేదల ఇళ్లకి పంపాడాయన. 1865లో అక్కడి వర్క్‌హౌస్ ఆసుపత్రికి ఆగ్నెస్ జోన్స్‌ని, మరో 12 మంది శిక్షణ పొందిన నర్సులని తన ఖర్చుతో రప్పించాడు. ఆగ్నెస్ 1868లో టైఫస్ జ్వరంతో పోయింది, 35 ఏళ్లకే. ఆ మాట దగ్గర క్లాసులో ఏటా నా గొంతు పట్టేసేది.

మర్నాడే ఫోన్ చేసి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన మనిషిని అడిగాను. రోజుకి 1,300 అన్నారు. గజపతినగరం నుంచి బస్సులో వచ్చేదావిడ. చేతులు కడుక్కుని ముందు మడమలే చూసింది. మంచానికి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టింది. తిప్పిన టైములన్నీ క్యాలెండర్ వెనక రాసేది. "ఏటి మామ్మా, నడుం లాగుతోందా? ఇలా ఒత్తిగిల్లు" అనేది. పదకొండో రోజుకి మచ్చ పోయింది.

ఆవిడకి ఐదుకి ఐదు. పంపేవాళ్లకి రెండే. టైముకి పంపుతారు, సెలవు పెడితే మరొకరిని ఇస్తారు, ఆ రెండూ నిజం. కానీ సర్టిఫికెట్ అడిగితేగానీ చూపించరు. మనమిచ్చే 1,300లో ఆవిడ చేతికి 800 మాత్రమే వెళ్తోంది. అది అన్యాయం. అడ్వాన్సు కట్టేముందే సర్టిఫికెట్ చూడండి, రోజుకి ఎన్నిసార్లు తిప్పుతారో అడగండి.

మొదట వచ్చిన పిల్ల ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొస్తోంది. పోయిన వారం బీపీ చూడడం నేర్పాను.