డెక్స్‌మెడెటోమిడిన్ ఇంజెక్షన్: గుండె ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఎంతవరకు నమ్మొచ్చు?

బైపాస్ అయి వెంటిలేటర్ మీద వచ్చిన పేషెంట్‌కి మత్తు కోసం ప్రొపోఫాల్ పెట్టాలా, డెక్స్‌మెడెటోమిడిన్ పెట్టాలా అంటే మా మొగ్గు రెండోదానికే. అయితే వచ్చీరాగానే కాదు. ఒళ్లు వెచ్చబడి, డ్రెయిన్లలో (ఛాతీలోంచి రక్తం బయటికి తీసే గొట్టాలు) రక్తం తగ్గి, బీపీ కుదుటపడి, ఇక శ్వాస ట్యూబ్ తీయొచ్చు అనుకునే దశలోనే ఈ మందు విలువ తెలుస్తుంది.

దీని మత్తులో ఉన్నవాళ్లు పిలిస్తే కళ్లు తెరుస్తారు, చెయ్యి నొక్కమంటే నొక్కుతారు, వదిలేస్తే మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. శ్వాసను పెద్దగా అణచదు కాబట్టి ట్యూబ్ తీసేముందు ఆపక్కర్లేదు, తీశాక కూడా నడపొచ్చు. ప్రొపోఫాల్‌కి లేని గుణం ఇంకొకటుంది: నొప్పిని కొంత తగ్గిస్తుంది. అయినా ఛాతీ ఎముక కోసిన నొప్పికి ఇదొక్కటే చాలదు. ఫెంటానిల్, పారాసెటమాల్ ఉండాల్సిందే.

200 మైక్రోగ్రాములున్న 2 ఎం.ఎల్. మందును 48 ఎం.ఎల్. నార్మల్ సెలైన్‌లో కలిపితే ఎం.ఎల్.కి 4 మైక్రోగ్రాములు. చిన్న ఆంప్యూల్స్ కూడా దొరుకుతాయి, అందుకే మొత్తం మోతాదు చదివాకే పగలగొట్టండి. డోసు కిలోకి గంటకు 0.2 నుంచి 0.7 మైక్రోగ్రాములు. 70 కిలోల మనిషికి 0.4 అంటే గంటకు 7 ఎం.ఎల్. ప్రొపోఫాల్‌ని చాలాచోట్ల నిమిషం లెక్కన పెడతారు, దీన్ని గంట లెక్కన పెట్టాలి. పంపులో అదొక్కటి తారుమారైతే డోసు 60 రెట్లవుతుంది.

లేబుల్ మీద కిలోకి 1 మైక్రోగ్రాము చొప్పున 10 నిమిషాల లోడింగ్ డోసు (మందు త్వరగా పట్టడానికి మొదట్లోనే ఇచ్చే పెద్ద మోతాదు) ఉంటుంది. గుండె ఆపరేషన్ పేషెంట్‌కి అది వద్దు. ముందు బీపీ ఎగుస్తుంది, ఆ వెంటనే బీపీ, పల్స్ రెండూ పడిపోతాయి. లోడింగ్ లేకుండా మొదలుపెడితే మందు పట్టడానికి గంట దాకా పట్టొచ్చు. అందాకా ప్రొపోఫాల్ నడుపుతూ మెల్లగా తగ్గించుకు రావాలి. ఇదే లైన్లో (నరంలోకి మందు వెళ్లే గొట్టం) ఇంకో మందు ఇచ్చి ఫ్లష్ చేస్తే, లైన్లో ఉన్న ఈ మందంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. వద్దనుకున్న లోడింగ్ అలా పొరపాటున పడుతుంది. దీనికి వేరే లైన్ కేటాయించండి.

వాల్వు మార్చినవాళ్లలో హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డంకి) ఉంటే, గుండెను బయటి నుంచి కొట్టించే పేసింగ్ వైర్లు పనిచేస్తున్నాయని చూశాకే మొదలుపెట్టాలి. వైర్లు లేకపోతే ఈ మందు జోలికి వెళ్లొద్దు. కండరాలు సడలే మందు నడుస్తున్నప్పుడు, రక్తస్రావంతో మళ్లీ థియేటర్‌కి వెళ్లేలా ఉన్నప్పుడు దీని మత్తు చాలదు. అక్కడ ప్రొపోఫాల్, ఫెంటానిల్ నయం. మిడజోలం అనే మత్తుమందు ఆఖరి ప్రత్యామ్నాయం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అది పేరుకుపోయి మెలకువ రావడమే ఆలస్యమవుతుంది.

డెలీరియం (ఆపరేషన్ తర్వాత వచ్చే మానసిక గందరగోళం) రాకుండా ఆపుతుందన్న ఆశతో మాత్రం దీన్ని ఎంచుకోవద్దు. గుండె ఆపరేషన్ పేషెంట్ల మీదే చేసిన డికేడ్ ట్రయల్‌లో (2020) డెలీరియం గానీ, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) గానీ తగ్గలేదు.

పేషెంట్ పెనుగులాడుతుంటే పంపు పెంచేముందు నొప్పి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, మూసుకుపోయిన యూరిన్ క్యాథెటర్ చూడండి. డ్రెయిన్ హఠాత్తుగా ఆగి బీపీ పడిపోతుంటే టాంపొనాడ్ (గుండె చుట్టూ రక్తం చేరి నొక్కేయడం) అనుకుని వెంటనే ఎకో చేయించండి, సర్జన్‌ని పిలవండి.