వెన్నెముక సర్జన్ ఓపీ: మూడు విడతల అనుభవం

ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా జివ్వుమని పాకే నొప్పితో అయిదు వారాలుగా కంటి మీద కునుకు లేని మా అమ్మను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెన్నెముక సర్జన్‌కు చూపించాము. చెప్పవలసినవాటిలో ఫిర్యాదులు కూడా ఉన్నందున పేర్లు రాయడం లేదు.

బయలుదేరే ముందు నేను చూసుకున్నది ఆయన పేరు పక్కనున్న అక్షరాలను. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, ఆపైన నీట్ పీజీలో సీటు తెచ్చుకుని ఎంఎస్ ఆర్థో గానీ దానికి సమానమైన డీఎన్‌బీ గానీ మూడేళ్లు. అక్కడికి ఎముకల వైద్యుడు తయారవుతాడు. అయితే ఆ మూడేళ్లలో రాత్రి డ్యూటీలు చాలావరకు రోడ్డు ప్రమాదాల్లో విరిగిన కాళ్లూ చేతులకే సరిపోతాయి కనుక, నరాల పక్కన పనిచేయడం చేతికి అలవడాలంటే ఇంకా శిక్షణ కావాలి. మా వైద్యుడు దానికోసం మరో ప్రవేశ పరీక్ష రాసి, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఎఫ్ఎన్‌బీ స్పైన్ సర్జరీ రెండేళ్లు చేశారు. సీటు కోసం ఎదురుచూసిన కాలం వదిలేసినా పదిన్నరేళ్లయింది. బోర్డు మీద ‘స్పైన్ స్పెషలిస్ట్’ అని ఉన్నంత మాత్రాన ఇదంతా ఉన్నట్టు కాదు. ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారని అడగడంలో తప్పేమీ లేదు. నేను అడిగాను, ఆయన నొచ్చుకోలేదు.

ఎముకల డాక్టరు దగ్గరికా, నరాల డాక్టరు దగ్గరికా అని మా ఇంట్లో వారం రోజులు వాదన నడిచింది. న్యూరోసర్జన్లు కూడా వెన్నెముక ఆపరేషన్లు చేస్తారు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్లే ఇలాంటి కాలి నొప్పి వస్తుందని 1934లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రాన్ని రాసిన ఇద్దరిలో మిక్స్‌టర్ న్యూరోసర్జన్, బార్ ఎముకల వైద్యుడు. అందుచేత ఆ వాదన అక్కడితో ఆపేశాము.

పదకొండింటికి టోకెన్ ఇచ్చి ఒంటి గంటా నలభైకి పిలిచారు. నడుము నొప్పితో వచ్చినవాళ్లకు వీపు ఆనని ప్లాస్టిక్ కుర్చీలు వేసిన వారి ఆలోచన ఏమిటో అర్థం కాలేదు. మా దగ్గర పది రోజుల కిందటి ఎంఆర్‌ఐ ఉండగానే మళ్లీ తీయించాలని కౌంటర్‌లో రసీదు రాయబోయారు. లోపల వైద్యుడు అక్కర్లేదన్నారు.

గదిలో గడిపిన ఇరవై అయిదు నిమిషాలు మాత్రం ఆ నిరీక్షణకు తగినవే. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, ముందు అమ్మను మడమల మీద నడిపించారు, పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు, బొటనవేలు పైకి లాగమని తన వేలితో అడ్డుపెట్టి బలం చూశారు. ఫిల్ములు తానే వెలుగులో పెట్టి చూశాక, నాలుగు, అయిదు నడుము పూసల మధ్య డిస్కు జారిందని ప్లాస్టిక్ నమూనా మీద చూపించారు. “కత్తి పట్టడం నేర్చుకున్నాం కదా అని అందరికీ కోయం అమ్మా, బొటనవేల్లో బలం బాగానే ఉంది, ఆరు వారాలు చూద్దాం” అన్నారు. మందులు, ఫిజియోథెరపీ రాశారు. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం కిందికి జారిపోతున్నా అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి రావాలని చీటీ వెనక తెలుగులో తన చేత్తో రాసిచ్చారు. ఆ నాలుగు లైన్లకే నా మార్కులు సగం పడ్డాయి.

రెండో విడతలో నొప్పి కొంత తగ్గింది. మూడోసారికి అమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆపరేషన్ అవసరం పడలేదు కనుక ఆయన హస్తవాసి గురించి నేను చెప్పగలిగింది లేదు. వైద్యానికి అయిదుకు నాలుగున్నర, ఆసుపత్రి నిర్వహణకు రెండు. వెళ్లేవారు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక ఎంఆర్‌ఐ ఫిల్ములు కూడా తీసుకెళ్లండి, వీలైతే వీపు వెనక్కి పెట్టుకోవడానికి ఒక దిండు కూడా.