ఎవర్‌గ్లేడ్స్: కొండచిలువ కనబడలేదు, కుందేలూ కనబడలేదు

ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కుకి కొండచిలువని చూద్దామని వెళ్తే మాత్రం నిరాశే మిగులుతుంది. బర్మా కొండచిలువలు అక్కడ వేలల్లో ఉన్నాయి, నిజమే. కానీ ఆ నీళ్ళలో, గడ్డిలో వాటి మచ్చలు ఎంతగా కలిసిపోతాయంటే, ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టి వదిలిన పాము పక్కనే నిలబడి కూడా పరిశోధకులు దాన్ని పోల్చుకోలేకపోతుంటారు.

అయినా ఆశ చావక పార్కు బయట ఒక ప్రైవేటు నైట్ టూర్‌కి వెళ్ళాం. ప్రకటనలో చూస్తే నలుగురు మోస్తున్న పాము ఫొటో. తీరా వెళ్ళాక లైట్లు కట్టిన ట్రక్కు ఎక్కి కాలవ గట్ల వెంట తిరగడమే పని. పాము లేదు, డబ్బు వాపసూ లేదు. పార్కు రేంజర్లు ఉచితంగా నడిపించే కార్యక్రమాలు దీనికంటే ఎంతో నయం.

పార్కులో నన్ను పట్టి కుదిపింది పాము కాదు, ఖాళీ రోడ్డు. హోమ్‌స్టెడ్ ఊరి వైపు గేటు నుంచి చివర ఫ్లమింగో అనే చోటు దాకా 38 మైళ్ళు. చీకటి పడ్డాక నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్తే హెడ్‌లైట్లలో కప్పలు తప్ప ఒక్క రకూన్ (కళ్ళ చుట్టూ నల్లటి పట్టీ ఉండే చిన్న జంతువు) గానీ కుందేలు గానీ అడ్డురాలేదు. ఈ ప్రాంతపు రోడ్ల మీద రాత్రిపూట జంతువుల్ని లెక్కగట్టి 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. 1990లతో పోలిస్తే రకూన్లు కనబడటం 99.3 శాతం, పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఒపాసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్‌లు అనే అడవిపిల్లులు 87.5 శాతం పడిపోయాయట. చిత్తడి కుందేళ్ళు, నక్కలు ఆ లెక్కలో అసలు తగల్లేదు.

వీటిని మింగేసింది కొండచిలువలేనని పరిశోధకుల అనుమానం. ఆ పరాయి పాములు ఇక్కడికి చేరింది పెంపుడు జంతువుల వ్యాపారం చలవే. ముచ్చటపడి కొన్న పిల్లపాము నిలువెత్తు దాటగానే కాలవలో వదిలేసినవాళ్ళు కొందరు. 1992లో ఆండ్రూ తుపానుకి ఒక పెంపక కేంద్రం కూలినప్పుడు మరికొన్ని బయటపడ్డాయంటారు. 2000 కల్లా అవి ఇక్కడే గుడ్లు పెట్టి స్థిరపడ్డాయని తేల్చారు. దిగుమతిని నిషేధించింది 2012లో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

రాయల్ పామ్ దగ్గర ఉన్న అన్‌హింగా ట్రైల్‌ని మాత్రం వదలొద్దు. మైలు కూడా లేని నడకదారి, కొంతమేర చెక్కతో వేసింది, పిల్లలూ పెద్దవాళ్ళూ హాయిగా నడవచ్చు. కిందే ఎలిగేటర్లు, పక్కన కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకునే అన్‌హింగా పక్షులు. కాసేపు రెయిలింగ్‌ని కూడా చూడండి. వేలెడంత గోధుమరంగు బల్లి తల పైకీ కిందకీ ఊపుతూ గొంతు కింద ఎర్రటి తోలు విప్పి ముడుస్తుంటుంది, దాని చుట్టూ పసుపు అంచు. క్యూబా వైపు నుంచి వచ్చిన బ్రౌన్ అనోల్ అనే బల్లి అది. ఇక్కడి ఆకుపచ్చ అనోల్‌ని చెట్ల పైకి తరిమేసింది. పాము దొరకనివాళ్ళకి ఇదే చేతికందే దూరంలో ఉన్న పరాయి జీవి! ఇంకో సంగతి, ఇక్కడ పార్కింగ్‌లో రాబందులు వైపర్ల రబ్బరు పీకేస్తాయి. కారు కప్పుకోవడానికి పార్కువాళ్ళు పెట్టిన టార్పాలిన్ తీసుకుని గట్టిగా కట్టుకోండి.

పార్కులోనే మరో భాగమైన షార్క్ వ్యాలీ బాగుంటుంది, కానీ హోమ్‌స్టెడ్ వైపు నుంచి లోపలి దారి లేదు, బయటికొచ్చి చుట్టూ తిరిగి వెళ్ళాలి. 15 మైళ్ళ లూప్‌ని ట్రామ్‌లో రెండు గంటల్లో చూపిస్తారు. ఎండలో సైకిల్ తొక్కే ఓపిక లేకపోతే ట్రామే మేలు.

మేము వెళ్ళినప్పుడు పార్కు ప్రవేశానికి కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

బసకి ఫ్లమింగో లాడ్జ్ ఉంది. పాతది 2005 తుపాన్లలో పోతే, షిప్పింగ్ కంటైనర్లతో ఎత్తుగా కట్టిన కొత్తది 2023లో తెరిచారు. గదిలోనే వంట చేసుకోవచ్చు, అయితే సరుకులు హోమ్‌స్టెడ్‌లోనే కొనుక్కోండి. పక్కనే మెరీనాలో క్రోకడైల్, మనాటీ (నీటి ఆవు) కనబడొచ్చు. ఖర్చు తగ్గాలంటే హోమ్‌స్టెడ్‌లోనే దిగండి, కాకపోతే పొద్దున్నే మెరీనా చూసే వీలు పోతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్తే సరి. వానాకాలంలో ఫ్లమింగో దోమలు కారు తలుపు తీయనివ్వవు.